దరఖాస్తు చించిన ప్రయాణం

పెనుగొండలో కాలువ గట్టు మీద నాకొక రేకుల షెడ్డు, అందులో ఒక కుట్టు మిషను. ఇరవై రెండేళ్లుగా అదే నా కొట్టు. మా ఆవిడ సత్యవతి పోయాక పగలంతా నన్ను పేరుపెట్టి పిలిచే చోటు కూడా అదొక్కటే. బుధవారం షెడ్డు తీసేస్తామని కాలువల ఆఫీసు మేస్త్రీ వచ్చి నోటిమాటగా చెప్పి వెళ్ళాడు. నోటీసు లేదు, నేను చెప్పేది విన్నవాళ్ళూ లేరు. అప్పట్లో మన హైకోర్టు హైదరాబాదులోనే ఉండేది, అందుకని అక్కడికి బయల్దేరాను. ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి హైకోర్టు ఆర్డరు చేతికొచ్చింది. నోటీసిచ్చి నా వాదన వినేదాకా షెడ్డు ముట్టుకోకూడదని అందులో ఉంది. రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులు ఢిల్లీ ప్రభుత్వం మీదే కదా పనిచేస్తాయని అడిగితే, నా కేసు వేసిన లాయరు గారు నవ్వారు. ఆ హక్కులకు కట్టుబడాల్సిన రాజ్యం అంటే రాష్ట్ర ప్రభుత్వమూ, దాని కింది కాలువల ఆఫీసూ కూడానని రాజ్యాంగం పన్నెండో అధికరణంలోనే ఉందట. వాళ్ళు గీత దాటితే రెండువందల ఇరవై ఆరో అధికరణం కింద హైకోర్టు ఆపుతుందట. "పోస్టులో వెళితే బుధవారం దాటిపోతుందండి. మీరే తీసుకెళ్ళి, అందినట్టు ముద్ర వేయించుకోండి," అన్నారు.

సికింద్రాబాదులో రాత్రి ఎనిమిదింటికి రైలు. ఎదుటి సీట్లో రావులపాలెం అరటికాయల వ్యాపారి, ఆయన భార్య కూర్చున్నారు. ఆవిడ కట్టి తెచ్చిన పులిహోర నాకూ పెట్టింది. తినండి, తినండి అని ఆవిడ ఆయన్ని కసురుతుంటే నేను కిటికీ వైపు తిరిగి తిన్నాను. నా సంగతి విని ఆయన ఒక సలహా ఇచ్చాడు. "ఉత్త ఆర్డరు పడేస్తే ఆఫీసరు గారికి కోపం వస్తుందండి. పైన ఒక దరఖాస్తు పెట్టండి."

నాకూ నిజమే అనిపించింది. రేషను కార్డు దగ్గర్నుంచి నాకు తెలిసిన పద్ధతి అదే. మోకాళ్ళ మీద కాగితం పెట్టుకుని, తమరు దయతలచి ఈ దీనుణ్ణి కాపాడవలెనని రాసి, ఆర్డరు పైన గుచ్చాను. చేతిరాత బాగా కుదిరిందని కాస్త మురిసిపోయాను కూడా.

మంగళవారం తెల్లవారి ఐదున్నరకి రాజమండ్రి. గోదావరిలో మునిగి, స్టేషను ఎదుట రెండు ఇడ్లీలు తిని, పదింటికల్లా అక్కడి కాలువల పెద్దాఫీసు గుమ్మంలో ఉన్నాను. కాగితాలు తీసుకునే గుమాస్తా గారు యాభై ఏళ్ళావిడ. పైకాగితంలో రెండు వాక్యాలు చదివి, తేదీ వేసి, మొత్తం అర్జీల దొంతరలో పెట్టేసింది. "అర్జీలు గురువారం చూస్తారండి. వెళ్ళి రండి."

గురువారానికి నా షెడ్డు ఉండదు. దణ్ణం పెట్టి బయటికొచ్చాను, అలవాటు కదా. మెట్ల దాకా వచ్చాక, ముద్ర వేయించుకోమన్న లాయరు గారి మాట గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి ఆ కాగితాలు అడిగి తీసుకున్నాను. గుండుసూది పీకి, నా దరఖాస్తు ఆవిడ ఎదుటే చించి జేబులో పెట్టుకున్నాను.

"నేనేం అడగడానికి రాలేదండి. ఇది హైకోర్టు ఆర్డరు. అందినట్టు ముద్ర వేయండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివి, లోపలికి తీసుకెళ్ళింది. పావుగంటకి ముద్ర, సంతకంతో నా ప్రతి తిరిగొచ్చింది. "రేపు మావాళ్ళు ఎవరూ రారండి," అంది. కోపమేమీ లేదు, మంచినీళ్ళు కూడా ఇచ్చింది.

పన్నెండుంబావుకి బస్సెక్కాను. రావులపాలెం దాటి సిద్ధాంతం వంతెన ఎక్కేసరికి కిటికీలోంచి వేడిగాలి కొట్టింది. గెలిచాను. చెప్పుకోవడానికి పక్క సీటు ఖాళీ. జేబులో చింపిన ముక్కలు తగిలితే తీసి చూశాను. దయతలచి అన్న మాట ముక్కవకుండా మిగిలింది.

సత్యవతికి జబ్బు చేసినప్పుడు సర్కారు ఆసుపత్రిలో మంచం కోసం ఇదే మాట రాశాను. నాలుగు రోజులు వరండాలో కూర్చోబెడితే కూర్చున్నాం. ఆ ఆసుపత్రీ రాజ్యమేనని చెప్పే పన్నెండో అధికరణం అప్పుడూ ఉంది. మాకే తెలియలేదు.

సిద్ధాంతంలో దిగి, పెనుగొండ బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను.