రాహుకాలంలో చెడ్డ కబురు

ముందే చెప్పేస్తున్నాను: నేను పెంచి చెబుతాను. నా చేతిలో పడ్డ చీమ చదివేవాళ్ళ దగ్గరికి చేరేసరికి అంబారీ కట్టిన ఏనుగైపోతుంది. పెళ్ళిచూపుల్లో మా మామగారు, "రాయగడలో మీ ఇల్లు ఏపాటిది బాబూ?" అని అడిగితే, పెరట్లోంచి వీధిలోకి రావాలంటే మధ్యలో ఒకసారి కూర్చుని మంచినీళ్ళు తాగాలని చెప్పాను. నిజానికి మా పెరట్లో మంచం వేస్తే దాని కాళ్ళు పొరుగువాళ్ళ పెరట్లో ఉంటాయి. కనక ఇక్కడ మీకు నమ్మబుద్ధి కానిది ఏదైనా కనిపిస్తే సగానికి కోసుకోండి. భయం దగ్గర మాత్రం కోయకండి. అది తగ్గించే రాశాను.

మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు రాయగడలో ఒక మిఠాయి దుకాణం పైన ఉంది. మెట్లు ఎంత నిటారుగా ఉంటాయంటే, ఉద్యోగానికి వచ్చినవాళ్ళు పైకి చేరాక జీతం సంగతి కాదు, దిగే దారి సంగతి అడుగుతారు. కింది నుంచి పాకం వాసన ఇరవైనాలుగు గంటలూ పైకి కొడుతుంది. మా కంప్యూటర్లకి చక్కెర జబ్బు ఉందని నా అనుమానం. గుప్పెడుమందిమి పనిచేస్తాం. ఒడియాలోనూ తెలుగులోనూ యాప్‌లో కనిపించే మాటలు రాయడం నా పని.

ఆ యాప్ ఒక స్వచ్ఛంద సంస్థ కోసం చేసింది. మా కొండల్లో వాన పడితే కొండలే తడిసి బరువెక్కి జానెడు కిందికి దిగుతాయి. కొండవాగుల్ని మేం గెడ్డలంటాం; అవి పొంగి, దాటడానికి అడ్డంగా కట్టిన చప్టాల మీద నుంచి పారతాయి. పల్లెలకి టీకాలు వేయడానికి వెళ్ళే నర్సమ్మలు ఆ చప్టాలు దాటాలి. గెడ్డ ఒడ్డున ఉండే మనిషొకడు నీళ్ళు చూసి తన ఫోన్లో బొత్తాం నొక్కుతాడు. నర్సమ్మ ఫోన్లో ఆ చప్టా దగ్గర ఒక చుక్క కనిపిస్తుంది. పచ్చగా ఉంటే దాటొచ్చు. ఎర్రగా ఉంటే ఆగాలి. ఒడ్డు నుంచి ఏ కబురూ రాకపోతే బూడిద రంగు.

ఆ నర్సమ్మల్లో ఒకావిడ నా భార్య. ఉద్యోగం నారాయణపట్నలో. వారమంతా అక్కడ క్వార్టర్సులో ఉంటుంది, సెలవుకి రాయగడ వస్తుంది. ఆ చుక్కల రంగుల గురించి మా ఆఫీసులో నా అంతగా గుండెలు బాదుకునే మనిషి ఇంకొకడు లేకపోవడానికి కారణం అదే.

కోడ్ అంతా రాసేది గుణుపురం కాలేజీలో చదివి వచ్చిన అమ్మాయి. నన్ను బాబాయ్ అంటుంది. ఆమె రాసిన ప్రతి ముక్కనీ పరీక్షించి, మూట కట్టి, నర్సమ్మల ఫోన్లలోకి పంపి, పంపాక మళ్ళీ ఒకసారి సరిచూసే యంత్రం ఒకటి ఉంది. దాన్ని పైప్‌లైన్ అంటారు. అది ఎక్కడో కూర్చుని తన పని తాను చేసుకునేది. ఒకరోజు ఆ అమ్మాయి దాన్ని తెచ్చి మా ఆఫీసు చాట్ గ్రూపుకి కలిపింది.

"బాబాయ్, ఇకనించి ఎవులూ ఎతుక్కోనక్కర్నేదు. పైప్‌లైనే గ్రూపులోకొచ్చి సెప్తాది," అంది.

"ఏటి సెప్తాది?"

"పాసైందా, ఫెయిలైందా, ఎల్లిందా, ఎల్లినాక బాగుందా, అన్నీ."

"ఐతే అత్తగారిలాగ అన్నమాట."

"అత్తగారు నయం బాబాయ్. మద్దేన్నం నిద్రోతాది."

నిజమే, పైప్‌లైన్‌కి నిద్ర లేదు. మొదటి రోజున నా ఫోన్ టేబుల్ మీద మూలిగి మూలిగి, నడుచుకుంటూ అంచుదాకా వెళ్ళి, టీ గ్లాసులో దూకి ప్రాణం తీసుకుంది. అయినా మాకు ఆ గ్రూపు ఎంత అలవాటైపోయిందంటే, ఎవరూ పైప్‌లైన్ తెర తెరిచి చూడటం మానేశారు. గ్రూపులో ఉంటే జరిగినట్టు. లేకపోతే జరగనట్టు.

ఇక మా యజమాని. అందరం పెద్దాయన అంటాం. వాళ్ళ ముత్తాతలు కోస్తా నుంచి వచ్చి ఎస్టేటు కచేరీ నడిపిన మనుషులు. రాహుకాలంలో ఆయన కొత్త పని మొదలుపెట్టడు, ప్రయాణం కట్టడు, గోళ్ళని కూడా పెరగనివ్వడని మా నమ్మకం. ఒకసారి రాహుకాలంలో ఆయన ఫోన్ తెర మీద ఎర్రటి అక్షరాలతో 'ఫెయిల్' అని పడింది. ఆ పూటంతా మంచినీళ్ళు ముట్టలేదు. సాయంత్రం అమ్మాయిని పిలిచాడు.

"రాహుకాలంలో చెడ్డ కబురు చెప్పడానికి మనిషైనా జంకుతాడు కదమ్మా. నీ యంత్రానికి ఆ మాత్రం మర్యాద ఉండక్కర్లేదా?"

"దానికి రాహుకాలం తెలీదు సార్."

"నేర్పించు మరి."

నేర్పించింది. పైప్‌లైన్‌కీ గ్రూపుకీ మధ్య ఒక చిన్న గేటు కట్టింది. ఏ వారం ఏ వేళ రాహుకాలమో దానికి అప్పజెప్పింది. ఆ వేళల్లో మంచి కబురొస్తే గేటు తీస్తుంది. చెడ్డ కబురొస్తే పట్టుకుని కూర్చుంటుంది, రాహుకాలం దాటాక వదులుతుంది. భూప్రపంచంలో ఇంత ఆచారం పాటించే కంప్యూటర్ ఇంకోటి లేదని మేమంతా మురిసిపోయాం. కింద మిఠాయి కొట్టాయన సంగతి విని కిలో జిలేబీ పైకి పంపాడు.

అది శ్రావణమాసం, శుక్రవారం. పొద్దుటి నుంచి వాన. మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఇయ్యాల గెడ్డవతలి ఊర్లో టీకాలండి. తల్లులు పిల్లల్నెత్తుకుని కూసుంటారు. సుక్క సూస్తే బూడిద రంగులో ఉంది."

"ఐతే ఎల్లకే."

"ఎల్తన్ననని ఎవులు సెప్పేరు? పచ్చగయ్యినాక ఎల్తాను. నా పేనం నాకు బరువేటి?"

అదీ ఆవిడ పద్ధతి. చుక్క పచ్చగా మారనిదే స్కూటీ తాళం ముట్టదు. ఆ చుక్క నా ఆఫీసుది కాబట్టి.

చుక్కలు మరీ చిన్నవిగా ఉన్నాయని నర్సమ్మలు అంటే, గుణుపురం అమ్మాయి ఆ రోజే వాటిని పెద్దవి చేసింది. కొత్త యాప్ పంపేసరికి పదిన్నర దాటింది. గ్రూపులో 'వెళ్ళింది' అని ఆకుపచ్చ టిక్కు పడింది. పెద్దాయన దాని కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఆ తర్వాత గ్రూపు నిశ్శబ్దం. మేం కబుర్లలో పడ్డాం. వాన గురించి, రామనగుడలో ఎవరి పొలమో మునగడం గురించి.

శుక్రవారం రాహుకాలం పన్నెండింటికి వదులుతుంది. పన్నెండయింది. ఆఫీసులో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారి మూలిగాయి. ఫెయిల్. దాని కింద ఫెయిల్. దాని కింద మళ్ళీ ఫెయిల్. వేలు నొప్పెట్టేదాకా పైకి తోసినా ఎరుపు తరగలేదు.

అమ్మాయి పైప్‌లైన్ తెర తెరిచింది. 

"బాబాయ్, బూడిద సుక్కలన్నీ పచ్చగయిపోనాయి."

"ఎప్పుడు?"

"పంపినప్పుడే. అప్పుడే పట్టుకుంది పైప్‌లైను. కబురు గేటు కాడ ఆగిపోనాది."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె చేత మళ్ళీ చెప్పించుకున్నాను. గంటన్నరగా ఒడ్డు నుంచి కబురు లేని ప్రతి చప్టా మీదా మా యాప్ రా, రమ్మని పచ్చజెండా ఊపుతోంది. మా ఆవిడ పచ్చ చుక్క కోసమే కూర్చుని ఉంది.

ఫోన్ చేశాను. మీరు పిలిచే మనిషి అందుబాటులో లేరని ఒకావిడ ఒడియాలో చెప్పింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే తియ్యటి గొంతు. ఆ గొంతుని అంత ద్వేషించిన మనిషి ఉత్కళంలో నేను తప్ప ఉండడు. క్వార్టర్సు పక్కనే ఉండే ఆస్పత్రి అటెండరుకి చేశాను.

"దీదీ ఉన్నారా?"

"నేదు సార్, ఎల్లిపోనారు. సుక్క పచ్చగయ్యిందని బేగి బేగి స్కూటీ తీసేరు. శానాసేపయింది."

అమ్మాయి పాత యాప్‌ని వెనక్కి పెడుతోంది. ఒక్కో అక్షరం రెండేసిసార్లు పడుతోంది. చుక్కలు మళ్ళీ బూడిదరంగయ్యాయి, నా ఫోన్లో. ఆవిడ ఫోన్లో మారాలంటే సిగ్నల్ ఉండాలి. సిగ్నల్ ఉంటే నేను చేసిన ఫోనే అందేది.

పెద్దాయన తన గదిలోంచి వచ్చాడు. గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.  కారు తాళం తీసుకుని, "రా," అన్నాడు.

ఆ ప్రయాణం గురించి ఎంత పెంచినా సరిపోదు. లక్ష్మీపూర్ వైపు ఘాట్‌లో వాన కిందికి పడటం మానేసి అడ్డంగా కొడుతోంది. ప్రతి మలుపులోనూ ఒక వాగు కొండ మీద నుంచి దూకి రోడ్డు దాటుతోంది, ఎర్రగా, మట్టితో.  ఆవిడ భుజాన ఉండే మందుల పెట్టె తాడు మెడకి చుట్టుకుంటుందేమో అనిపించింది. చెప్పులు గుర్తొచ్చాయి. పోయిన నెల కొన్నవి, జారతాయని ఆవిడ అంటే నేను వేళాకోళం చేసినవి. పెద్దాయన ఒక్కసారి కూడా దేవుడి పేరు ఎత్తలేదు. రోజూ గంటకి వందసార్లు ఎత్తే మనిషి.

ఘాట్ దిగుతుంటే నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తాలంటే చెయ్యి రాలేదు. పెద్దాయన కారు పక్కకి ఆపి, ఫోన్ తనే అందుకుని, పచ్చ బొత్తాం నొక్కి నా చెవి దగ్గర పెట్టాడు.

"ఏటండీ!" మా ఆవిడే. "మీ పచ్చసుక్కని గెడ్డలో ముంచీసి వచ్చేనండి. స్కూటీ కూడా దాని తోడు ఎల్లింది. ఇద్దరూ ఈపాటికి సముద్రంలో కులాసాగా ఉంటారు."

"నువ్వో? నీకేటీ అవలేదు కదే?"

"నాకేటి! నడుమ్మట్టం నీల్లలో నిలబడి మిమ్మల్ని తిట్టేను. ఎదురు కోసుకుని వస్తున్నోలు ఇని, ఎదురుగడ అందించి లాగేరు. మందుల పెట్టి ఒగ్గలేదు నాను. మీకంటే అదే బలంగా ఉంది." అని నవ్వింది.

ఆ ఎదురు అంటే వెదురు. ఆవిడ మాట్లాడిందీ వాళ్ళ ఫోన్లోంచే, దానికి అక్కడ సిగ్నల్ అందింది. వాళ్ళు ఆ దారిన రావడం మా అదృష్టం.

రాయగడ వచ్చిన మర్నాడే పెద్దాయన అమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆ గేటు పీకెయ్యమ్మా. నేను చూస్తుండగా పీకు," అన్నాడు. ఇప్పుడు రాహుకాలంలో 'ఫెయిల్' వస్తే గ్రూపులో మొదట జవాబిచ్చేది ఆయనే. చేతులు జోడించడు. 'ఏ చప్టా?' అని అడుగుతాడు.

ఇప్పుడు ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి. ఫోన్ టీ గ్లాసులో దూకలేదు, నేలమీద పడింది. జిలేబీ కిలో కాదు, పావుకిలో. పెద్దాయన గోళ్ళు అందరిలాగే పెరుగుతాయి. ఇవన్నీ పెంచినవి, కల్పించినవి కావు. స్కూటీ పోవడం నిజం, వెదురు గడ నిజం, పెట్టె వదలకపోవడం నిజం.

ఫోన్లో ఆవిడ అన్న మాటలు మాత్రం మొత్తం నేను అల్లినవే. ఆ వేళాకోళం ఆవిడది కాదు, నాది. ఆవిడ నవ్వలేదు.  పళ్ళు టకటక కొట్టుకుంటున్న చప్పుడు, దాని వెనక గెడ్డ హోరు. నేను "ఏటే, ఏటే" అంటూనే ఉన్నాను. చివరికి ఒక్కటే అడిగింది.

"ఆ సుక్క ఇప్పుడు ఏ రంగులో ఉందండి? నా ఎనకాల ఇంకో అమ్మి వస్తంది."

లైన్ తెగిపోయింది. పెద్దాయన తన ఫోన్లోంచి ఆఫీసుకి చేసి, ఆ చుక్కని చేత్తో ఎర్రగా పెట్టమని అరిచాడు. ఆ రెండో నర్సమ్మ రోడ్డు మీద సిగ్నల్ ఉన్న చోట చూసుకుని వెనక్కి తిరిగింది. అది నిజమే.