నాయన మింగిన నలుసు

ఇట్లా వచ్చి నా మంచం పక్కన కూర్చో కన్నూ, మీ అమ్మ గంజికి పిలిచేలోపు కాళ్లు ఆడించకుండా సరిగ్గా విను. మళ్లీ చెప్పమంటే నా వల్ల కాదు, ఈ మధ్య నాలుగు మాటలకే గొంతు పట్టేస్తోంది. రికార్డు చేసుకుంటే చేసుకో, ఆ ఫోను మాత్రం నా ముఖం మీదికి తిప్పకు. ఇందాక సామియారు నాకు నన్మ ఇచ్చి స్కూటరెక్కి వెళ్లిపోగానే నువ్వు ఉఫ్‌మని కొవ్వొత్తి ఊదేశావే, ఆ పొగ వాసన ఇంకా ఈ గదిలోనే తిరుగుతోంది. అది ముక్కుకు తగిలితే చాలు, నేనిక్కడ ఉండను. మిల్లు లైన్లోని ఆ ఒంటిగది ఇంట్లో, పెద్దవాళ్ల కాళ్ల సందుల్లోంచి తొంగిచూసే చిన్నపిల్లనైపోతాను.

ఆంధ్రా వైపు మనవాళ్లు దివ్యసత్ప్రసాదం అంటారట. మాది తాతల తాతల కాలం నుంచి కోయంబత్తూరులో నానిన తెలుగు కదా, చర్చిని కోయిలంటాం, ఫాదరును సామియారంటాం, పూజలో నాలుక మీద పెట్టే ఆ తెల్లటి అప్పాన్ని నన్మ అంటాం. చూడ్డానికి అప్పమే, కానీ సామియారు పీఠం దగ్గర వంగి ఆ మాటలు పలికాక అది అప్పం కాదు, యేసుసామి ఒళ్లు. గుర్తు కాదు, బొమ్మ కాదు, ఒళ్లే. ఇది మాకు ఉగ్గుతో పట్టించారు, అందుకే దాని మీద ఎంత ఆశో అంత భయం.

లైనంటే మిల్లు పనివాళ్ల ఇళ్ల వరుస, దాని వెనకే మిల్లు గోడ. ఆడి నెల, అంటే ఆషాఢం, వచ్చిందంటే పాలక్కాడు వైపు నుంచి గాలి హోరుమని వీచి, మిల్లు కిటికీల్లోంచి దూది నలుసుల్ని ఎత్తుకొచ్చి మా ఇళ్ల మీద పోసేది. ఆరేసిన చీరల మీద, మూత తీసిన రాగిసంకటి కుండ మీద, మరియమ్మ పండక్కి అమ్మ వత్తుతున్న మురుకుల మీద కూడా. మా నాయనకు బ్లోరూములో పని, అంటే పత్తి బేళ్లు విప్పి మిషన్లో దులిపే చోటు. షిఫ్టు దిగి వస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. "తాత ఒచ్చినాడు, తాత ఒచ్చినాడు" అని మేం ఎగతాళి చేస్తే ఆయన వీపు వంచి, లేని కర్ర పట్టుకుని కుంటుతూ వచ్చేవాడు. మా నవ్వు ఆగకముందే ఆయన దగ్గు మొదలయ్యేది. లైన్లో మగాళ్లందరూ దగ్గేవాళ్లేలే, చీకట్లో ఏ దగ్గు ఏ ఇంటిదో మాకు తెలిసేది. నాయనది పచ్చికట్టె మీద రంపం పెట్టినట్టుండేది.

మఠంలో సిస్టర్లు అప్పాలు గుండ్రంగా కోశాక మిగిలిన అంచుముక్కలు పొట్లం కట్టి పిల్లలకిచ్చేవాళ్లు. అవి ఇంకా పూజకెక్కని ఉత్తి అప్పాలే, ఉప్పూ తీపీ ఏమీ ఉండదు, నాలుకకు కాగితంలా అంటుకుని కరిగిపోతాయి. అయినా వాటికోసం జుట్లు పట్టుకునేవాళ్లం. వాటితోనే పూజ ఆట. నేను అమ్మ తువ్వాలు కప్పుకుని సామియారునయ్యేదాన్ని, ఒకరు గిన్నె మీద చెంచాతో గంట కొట్టేవాళ్లు. ఆ గంటంటే మా జేజికి, నాయన కన్నతల్లికి, ఒళ్లు మండిపోయేది.

"ఎవుతే అది గంట కొట్టేది? సావుకి ఇంటి దారి సూపిస్తా ఉండారా?" అని గిన్నె లాక్కుని వీపు మీద ఒకటిచ్చేది.

ఆ కోపం ఊరికే వచ్చింది కాదు. ఆ రోజుల్లో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చిందంటే సామియారు నన్మను రొమ్ముకు హత్తుకుని నడిచి వచ్చేవారు, ముందొకడు గంట కొడుతూ, వెనకొకడు గొడుగు పట్టి. క్రైస్తవులం వీధిలోనే మోకాళ్లూనేవాళ్లం. హిందువులు సైకిలు దిగి నిలబడేవాళ్లు, కొందరు దుమ్ము అణగాలని చెంబుతో నీళ్లు చల్లేవాళ్లు. గంట ఏ ఇంటి ముందు ఆగేదో ఆ ఇంటివాళ్లు తప్ప తక్కినవాళ్లందరూ హమ్మయ్య అని ఊపిరి పీల్చుకునేవాళ్లు.

ఆ ఏడు నాకు పుదునన్మ, అంటే మొదటిసారి నన్మ తీసుకోబోతున్నాను. సాయంత్రాలు ఉపదేశియారు జపాలు నేర్పేవాడు. మా లైనులో ఉండే తెలుగాయనే, ముక్కుపొడుం మనిషి. సామియారు నన్మను తుంచుతారు కదా, అప్పుడు యేసుసామి తల ఎవరికొస్తుంది, కాలు ఎవరికొస్తుంది అని నేనడిగాను. పిల్లలంతా గొల్లున నవ్వారు. ఆయన నవ్వలేదు.

"మిల్లు సంగు ఊదితే మీ ఇంట్లో సగం, నా ఇంట్లో సగం ఇనపడతాదా పాపా?"

సంగంటే మిల్లు సైరను. "లేదయ్యా, ముళుసూ ఇనపడతాది" అన్నాను, మొత్తం అని.

"అదేదా. ఎంత సిన్న నలుసైనా దాంట్లో సామి ముళుసుగా ఉండాడు. సగం సామి అనేది లేనేలేదు."

ఇప్పటి నియమాలు వేరు గానీ, అప్పుడు నన్మ తీసుకోవాలంటే నడిరాత్రి నుంచి పచ్చిమంచినీళ్లు కూడా తాగకూడదు. నాయనకేమో శనివారం రాత్రి షిఫ్టు. ఆ దూది పొగలో రాత్రంతా గుక్కెడు నీళ్లు లేకుండా పనిచేసి, తెల్లారి అట్లాగే కోయిలుకు వచ్చేవాడు. ఒక ఆదివారం పీఠం ముందు మోకాళ్లూని నాలుక చాపాడు, సామియారు నన్మ పెట్టారు, నాయన లేవబోయాడు. ఎండిపోయిన గొంతు కదా. దగ్గొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకునేలోపే నన్మ ఎగిరి నేల మీద పడింది.

సామియారు వెంటనే వంగారు. మోకాళ్ల మీద కూర్చుని నన్మను తీసి, ఆ చోట తెల్లగుడ్డ పరిచారు. పూజయ్యాక తానే ఆ రాయిని కడిగి, ఆ నీళ్లను పీఠం వెనక మట్టిలో పోశారు. నాయన నేలకు నుదురు ఆనించి, జనమంతా వెళ్లిపోయేదాకా లేవలేదు.

ఆ తర్వాత నాయన నన్మ వరుసలోకి వెళ్లలేదు. వెనక గోడకు ఆనుకుని నిలబడేవాడు. కానీ కన్నూ, శనివారం రాత్రి నీళ్లు మాత్రం మానేసేవాడు. "ఎట్లాగూ తీసుకోవు కదా, రెండు గుక్కలు తాగితే ఏమి?" అని అమ్మ ఏడ్చేది. "ఒకేళ ధైర్నం ఒస్తే?" అనేవాడు. ధైర్యం వచ్చేది కాదు, దగ్గు వచ్చేది.

వరుసలోకి వెళ్లని మనిషి మీద ఎందరి కళ్లో. మా పక్కింటి మేరక్క కొళాయి దగ్గర బిందె పెడుతూ అంది, "మీ కొడుకు గోడకి బల్లిలాగ అతుక్కోనుండాడే పెద్దమ్మా, ఏం పావం మూట కట్టినాడో?"

"వాడు మూట కట్టింది దూది మేరీ. నీ మొగుడూ అదేదా మింగతా ఉండాడు, పోయి సూడు" అంది జేజి. మేరక్క బిందె నిండకుండానే ఎత్తుకుని వెళ్లిపోయింది.

మళ్లీ ఆడి గాలి వచ్చేసరికి నాయన మంచం దిగడం మానేశాడు. ఒకటే అడిగేవాడు, నన్మ లేకుండా పోతానేమో అని. సామియారును పిలవడానికి అమ్మ ఒప్పుకోలేదు. గంట గడప తొక్కితే ఇక అంతే అని ఆమె భయం. చివరికి జేజి చెప్పాపెట్టకుండా కోయిలుకు నడిచింది.

మధ్యాహ్నం నేను వాకిట్లో ఎగిరే నలుసుల్ని పట్టుకుని ఆడుతున్నాను. వీధి చివర గంట మోగింది. గాలికి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినిపిస్తూ లైనులోకి తిరిగింది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మేరక్క ఇల్లు దాటింది. నేను మోకాళ్లూని కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిస్తే గొడుగు నీడ నా మీదే ఉంది.

లోపల పీట మీద తెల్లగుడ్డ, రెండు కొవ్వొత్తులు. సామియారు ముందు పూజకెక్కని ఉత్తి అప్పం ముక్క ఒకటి తీశారు. మింగగలడో లేడో చూడ్డానికి అట్లా ముందుగా ఇస్తారు. నాయన నాలుక మీద పెట్టారు. దగ్గు రంపంలా లేచింది. ముక్క దుప్పటి మీద పడింది.

సామియారు తల అడ్డంగా ఆడించారు. మింగలేని మనిషికి ఇవ్వకూడదు, మనసులో ఆశపడితే సామికి తెలుసు, అది చాలు అన్నారు. నాయన కంటి కొసల్లోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

నేను అమ్మ కొంగు వెనక నుంచే అనేశాను. "సామీ, నలుసులో కూడా ముళుసుగా ఉంటారంట కదా?"

సామియారు మళ్లీ పీట దగ్గరికి వంగారు. నన్మ కొసను గోటితో గిల్లి, ఆవగింజంత నలుసును చెంచాలో వేసి, దాని మీద నీళ్లు పోయమన్నారు.

"నీళ్లా సామీ?" అంది జేజి, చెంబు వెనక్కి తీసి. చావు ముందున్న మనిషికి ఉపవాసం లేదని ఆయన అన్నారు.

అప్పుడు జేజికి గుర్తొచ్చింది. షిఫ్టు మారే వేళైంది. సంగు ఊదితే నాయన ఒళ్లు దానంతటదే లేచేది, లేస్తే దగ్గు తప్పదు. "సీక్రం సామీ, సీక్రం, సంగు ఊదతారు" అంది. చెంచా పెదాలకు తాకింది, నీళ్లు లోపలికి పోయాయి. అంతలో గోడ అవతల సంగు లేచింది. ఇల్లంతా అదిరింది. నాయన మోచేతుల మీద లేవబోయాడు.

జేజి రెండు చేతులూ ఆయన రొమ్ము మీద పెట్టింది. "పడుకోరా నాయనా. ఈపొద్దు లీవు పెట్టేసినాం నీకు. పనికి పోవద్దు."

నాయన పడుకున్నాడు. గొంతు కదిలింది, నేను చూశాను. సంగు చివరిదాకా ఊది ఆగింది. దగ్గు రాలేదు. ఆ తర్వాత ఇక ఎప్పుడూ రాలేదు.

చెంచా కడిగిన నీళ్లను సామియారు చెప్పినట్టే పొయ్యి నిప్పుల మీద పోస్తే సుయ్‌మని ఆవిరి లేచింది. ఆ చెంచాతో మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఏదీ తినలేదు.

ఇప్పుడు ఆ లైన్లూ లేవు, మిల్లు చోట అపార్టుమెంట్లు లేచాయి. సంగు లేక ఎన్నాళ్లయిందో. నన్మ స్కూటరు మీద వస్తుంది, ముందు గంట ఉండదు, వీధిలో ఎవరూ తలెత్తి చూడరు. ఎవరి ఇంటికి ఏమి వస్తోందో పక్కింటికే తెలియదు. ఇవాళ సామియారు నాకూ నన్మను సగానికి తుంచి ఇచ్చారు, చూశావా? పొద్దున కాఫీ తాగితే ఎట్లా పొలమారిందో నువ్వే తల మీద తట్టావు. ఆ దగ్గు నాకు కొత్త కాదు కన్నూ, ఎప్పుడో విన్నదే. నా ట్రంకుపెట్టెలో అడుగున, తెల్లగుడ్డలో చుట్టి ఆ చెంచా ఉంది. సామియారు ఉత్తి అప్పం తీసిన రోజున నువ్వు ఏడుస్తూ నిలబడకు, ముందు ఆ చెంచా తెచ్చి, దాంట్లో నీళ్లు పోసి, నా రొమ్ము మీద గట్టిగా నీ రెండు చేతులూ...

"అత్తా! గంజి ఆరిపోతా ఉంది, ఇంక ఎంతసేపు ఆ కతలు? తినేకి రాండి!"

ఇదో, వస్తున్నానే...