మణికట్టు మీద గంగమ్మ

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. బి.కాం. పాసయ్యాను. ఇది చిన్న వార్త. మా వీధిలో అందరికీ చెప్పడం అయిపోయింది. బస్సులో పక్క సీటావిడకి చెప్పాను. మెడికల్ షాపులో తలనొప్పి మాత్ర అడగబోయి ముందు డిగ్రీ సంగతి చెప్పి, తర్వాత మాత్ర అడిగాను. పెద్ద వార్త మాత్రం మా చెల్లెలిది. అది వరసగా చెబితేనే అర్థమవుతుంది కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ఇంకో సంగతి. గుడియాత్తంలో మా ఇంట్లో మాటలూ పోట్లాటలూ అన్నీ తెలుగులోనే. చదవడం రాయడం మాత్రం అందరికీ తమిళమే. కాలేజీలో తెలుగు తీసుకుని అక్షరాలు నేర్చుకున్నది నేనొక్కదాన్నే. అంటే నేను రాసేది మా ఇంట్లో ఎవరూ చదవలేరు. మా అవ్వ గురించి ఇంత ధైర్యంగా రాయడానికి కారణం అదే.

నాయనకి వేలూరు బాగాయంలో ఒక క్లబ్బులో పని. టెన్నిస్ కోర్టులకి పొద్దున్నే నీళ్ళు చల్లి, రోలర్ లాగి, తెల్లగీతలు గీస్తాడు. చిన్నప్పుడు సెలవుల్లో మా ఇద్దరినీ బస్సెక్కించి వెంట తీసుకుపోయేవాడు. నేను నీడలో కూర్చుని పుస్తకం తెరిచేదాన్ని, చెల్లెలు బంతులు ఏరేది. కొన్నాళ్ళకి ఏరిన బంతిని చేత్తో ఇవ్వడం మానేసి, ఎవరో పారేసిన రాకెట్‌తో కొట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. క్లబ్బు మెంబర్లు నవ్వుకుని తమతో ఆడనిచ్చారు. తర్వాత తర్వాత దాని చేతిలో ఓడిపోతూ నవ్వడం తగ్గించారు.

ఇప్పుడది ప్రొఫెషనల్ ప్లేయరు. ఈ మాట మా వీధికి ఎంతకీ మింగుడు పడదు.

"ఏం పని చేస్తాండావు బిడ్డా ఇప్పుడు?" అని పక్కింటి పెద్దమ్మ కనిపించినప్పుడల్లా అడుగుతుంది.

"టెన్నిస్ ఆడతాండాను పెద్దమ్మా."

"అది సరే. పని?"

ఈ వృత్తిలో పని చేస్తున్నట్టు రుజువు ఒకటే, ప్రపంచ ర్యాంకింగ్‌లో పేరుండడం. అది రావాలంటే ఏడాదిలో మూడు టోర్నమెంట్లలోనైనా పాయింట్లు తెచ్చుకోవాలి. చెల్లెలికి రెండుచోట్ల వచ్చాయి. మూడోది ఎన్ని ఊళ్ళు తిరిగినా రాలేదు. ఇంతలో మొదట వచ్చిన పాయింటుకి ఏడాది నిండబోతోంది. ఏడాది నిండితే అది లెక్కలోంచి పోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది కథ. ఇదంతా అవ్వకి వివరించే బాధ్యత, డిగ్రీ ఉంది కాబట్టి, నా మీద పడింది.

"ఏడాదికి పోయేదేందే?" అంది అవ్వ. "పోయినాక కదా ఏడాదికి తద్దినం వచ్చేది!"

సరిగ్గా అప్పుడే వేలూరులో ఒక కాలేజీ వాళ్ళు కొత్త కోర్టుల్లో ప్రొఫెషనల్ టోర్నమెంటు పెట్టారు. దగ్గరి ఊరి పిల్ల అని చెల్లెలికి, అర్హత పోటీలు ఆడే పనిలేకుండా, నేరుగా మెయిన్ డ్రాలో చోటిచ్చారు. ఒక్క మ్యాచ్ గెలిస్తే పాయింటు. బస్సు దిగి నడిచిపోయే దూరంలో ప్రపంచం! ఇంట్లో అందరం ఎగిరి గంతేశాం. గంతేసి కిందికి దిగాక కేలండర్ చూశాం. అది గంగమ్మ జాతర నెల.

జాతరకి ముందు మా వాళ్ళు కాప్పు కట్టుకుంటారు. పసుపు దారానికి పసుపుకొమ్ము కట్టి, చుట్టూ వేపాకు చేర్చి, మణికట్టుకి కట్టడం. కట్టాక జాతర అయ్యేదాకా విప్పకూడదు. రాత్రి పొలిమేర దాటి పడుకోకూడదు. టోర్నమెంటు వాళ్ళు హోటల్లో గది ఇస్తామన్నా, రోజూ ఇంటికి రావలసిందే. అదేం పెద్ద కష్టం కాదు, బస్సుంది. కష్టం ఎక్కడొచ్చిందంటే, ఆడవాళ్ళకి కాప్పు ఎడంచేతికి కడతారు. మా చెల్లెలిది ఎడంచేతి వాటం. అన్నం దగ్గర మాత్రం అవ్వ తిట్టీ కొట్టీ కుడిచేతికి మార్పించింది. కోర్టు దాకా అవ్వ రాలేదు కాబట్టి అక్కడ ఎడంచెయ్యి బతికిపోయింది.

"అవ్వా, కుడిచేతికి కట్టవే. ఇది ఆడే చెయ్యి."

"ఆడోళ్ళకి ఎడంచెయ్యే. గంగమ్మకి తెలీదా నీ ఆట?"

"తెలిస్తే ఆమే చెప్తాది కదా, కుడికి కట్టమని."

"నోరు ముయ్యి. నీ పాయింటు కోసరమే కదే మొక్కుకున్నా!"

మొక్కు పెద్దది కాబట్టి కాప్పు కూడా పెద్దగానే కట్టింది. వేపకొమ్మలో సగం చెల్లెలి చేతి మీదే ఉంది. నేను కాస్త తెలివిగా, "ఆడేటప్పుడు పైన బ్యాండు వేసుకుంటే సరిపోతాది అవ్వా, చెమటకి వేసుకునే గుడ్డ బ్యాండు" అన్నాను.

"అమ్మోరికి ముసుగేస్తావా? బి.కాం.లో ఇదే చెప్పినారా నీకు?"



మ్యాచ్ రోజు మా చుట్టాలు, వీధివాళ్ళు ఒక వ్యాను నిండా వచ్చారు. నాయన కోర్టు గేటు దాకా వచ్చి, అక్కడే ఆగిపోయాడు. "నేను చూడలేనమ్మా, నాకు గుండె దడ. అయిపోయినాక పిలువు" అన్నాడు. కోచ్ కూర్చోవలసిన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు, నా వెనక మెట్ల మీద అవ్వ. కోచింగ్ గురించి నాకు తెలిసిందల్లా నీళ్ళసీసా మూత తీసి అందించడం.

అవతలి పిల్ల ఏదో చలిదేశం నుంచి వచ్చింది. మంచి ఆట. కానీ మే నెల వేలూరు ఎండ గురించి ఆ పిల్లకి ఎవరూ ముందుగా చెప్పినట్టు లేదు. కాసేపటికే ముఖం టమాటా పండయింది. అవ్వ ఆ పిల్లనే చూస్తూ, ఆట మధ్యలో గొంతెత్తింది.

"పాపం కందిపోయిందే! ఓ పాపా, కాసిన్ని నీళ్ళు తాగి ఆడు తల్లీ!"

"నిశ్శబ్దం పాటించండి" అన్నాడు ఎత్తైన కుర్చీలోంచి అంపైరు, ఇంగ్లీషులో. ఎవరో ఉత్తరాది ఆయన.

"ఏమంటాండాడు ఆయప్ప?"

"మాట్లాడొద్దంటాండాడు అవ్వా."

"నేను ఆయప్పతో మాట్లాడలేదే!"

మొదటి సెట్టు చెల్లెలు గెలిచింది. సర్వీసు తుపాకీ గుండులా పోతోంది. రెండో సెట్టు మొదట్లో అదే ఊపులో చెయ్యి విసిరితే, బంతితోపాటు వేపాకు ఒకటి గాల్లోకి లేచి, వయ్యారంగా తిరుగుతూ నెట్టు దగ్గర వాలింది. అంపైరు ఆట ఆపాడు. చెల్లెల్ని పిలిచి చేతిని చూశాడు. ప్లేయరు ఒంటి మీదనుంచి ఏదైనా ఊడిపడితే మొదటిసారి ఆ పాయింటు మళ్ళీ ఆడిస్తారట. రెండోసారి నుంచి పడ్డప్పుడల్లా పాయింటు అవతలివాళ్ళకి.

"ఏమంటాడే?"

"ఆకు రాలకూడదంటాడు అవ్వా. రాలితే పాయింటు పోతాదంట."

"ఆకు రాలక ఏం జేస్తాది? పోయి చెట్టునడగమను!"

ఆకు మళ్ళీ రాలింది. పాయింటు పోయింది. ఇంకోసారి రాలింది, ఇంకోటి పోయింది. ఇక చెల్లెలికి భయం పట్టుకుంది. చెయ్యి విసరడం మానేసి, పెళ్ళిలో తలంబ్రాలు పోసినట్టు మెల్లగా సర్వీసు చేయడం మొదలుపెట్టింది. చలిదేశం పిల్లకి ప్రాణం లేచొచ్చింది. రెండో సెట్టు ఆ పిల్లదే.

మూడో సెట్టులో కూడా చెల్లెలు వెనకబడింది. పక్కలు మారే విరామంలో వచ్చి గొడుగు కింద కూర్చుంది. ఆకులు దాదాపు రాలిపోయాయి. పసుపుకొమ్ము ఒక్క పోగు మీద వేలాడుతోంది. అదీ పడిందంటే పాయింటూ పోతుంది, అమ్మవారికీ అపచారం.

"అక్కా, తీసేస్తా. ఇంక నావల్ల కాదు."

"తీస్తే అవ్వ ఇంట్లోకి రానీదే."

"రానీకపోతే హోటల్లో పండుకుంటా. రూము ఉండాది కదా!" అంది. దాని కళ్ళల్లో నీళ్ళున్నాయి. నాకు మా క్లబ్బు, ఏడాది నిండబోయే ఆ పాయింటు, పెద్దమ్మ "పని?" అని అడిగే తీరు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. లేచి వెనక్కి, అవ్వ దగ్గరికి పరిగెత్తాను.

రూలు ఏమిటో, హిందూధర్మం ఏమిటో, రెండింటికీ మధ్యేమార్గం ఏమిటో గబగబా చెప్పాను. నా చదువంతా వాడాను. అవ్వ ఒక్క ముక్క వినలేదు. కోర్టు వైపు చూస్తోంది.

"ఆ కుర్చీలో ఆయప్పకి గొడుగుండాదా?"

"ఉండాది అవ్వా. నేను చెప్పేది..."

"ఆ తెల్లపిల్లకి?"

"ఉండాది."

"మనపిల్లకి?"

"దానికీ ఉండాది. అవ్వా, టైము లేదు!"

"మరి అమ్మోరికి యాడుండాది?" అంది అవ్వ, ఆ చుట్టుపక్కల వరసలన్నిటికీ వినిపించేలా. "జాతరలో ఏ పొద్దన్నా గొడుగు లేకుండా ఆమెని వీధిలోకి తెచ్చినామా? మిట్టమధ్యాన్నం ఈ ఎండలో తిప్పతాంటే రాలిపోక ఏం జేస్తాది! ఆ గుడ్డ ఉండాదే, నువ్వు చెప్పిన గుడ్డ, అది పట్టమను గొడుగు!"

"కాప్పు కట్టేటప్పుడు నేను చెప్పిందీ అదే కదవ్వా!"

"నువ్వు ముసుగన్నావు."

"ముసుగన్నది నువ్వు!"

"పోవే, పోయి చెప్పు. టైము లేదంటివే."

చెల్లెలు బ్యాగులోంచి తెల్లబ్యాండు తీసి, కళ్ళకద్దుకుని, కాప్పు మీదుగా జాగ్రత్తగా ఎక్కించుకుంది. అంపైరు కూడా ఒకసారి చూసి తల ఊపాడు. తర్వాత అది చేసిన సర్వీసుకి చలిదేశం పిల్ల కదలనే లేదు. అప్పటిదాకా మెత్తమెత్తగా వచ్చిన బంతి ఇప్పుడు చెవి పక్కనుంచి బుస్సుమంటే పాపం ఏమనుకుని ఉంటుందో. గేము గేముకీ చెల్లెలు పైకి వచ్చింది. సమానమైంది, దాటింది. చివరి బంతికి ఆ పిల్ల రాకెట్ అడ్డం పెట్టింది గానీ, అది నెట్టుకి తగిలి అటే పడింది.

గెలిచేసింది!

కానీ చప్పుడు లేదు. పొద్దున్నుంచి అంపైరు చేత అన్నిసార్లు మందలింపు తిన్న మావాళ్ళు, వ్యాను మొత్తం, నోటికి కొంగులూ తువ్వాళ్ళూ అడ్డం పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నారు. చెల్లెలు చేతులు పైకెత్తి మా వైపు చూసింది. ఎవరూ కదలరు. దాని ముఖంలో అనుమానం వచ్చింది, లెక్క తప్పానా అని అంపైరు బోర్డు వైపు చూసింది.

"ఇప్పుడన్నా చప్పట్లు కొట్టచ్చునా?" అంది అవ్వ, ముందుకు వంగి నాతో గుసగుసగా.

"కొట్టచ్చు అవ్వా!"

ఆ తర్వాత లేచిన గోలకి చలిదేశం పిల్ల ఉలిక్కిపడి, ఆ వెంటనే నవ్వేసింది. అవ్వ కిందికి దిగిపోయి ఆ పిల్ల బుగ్గలు పుణికి, చేతిలో నిమ్మకాయ పెట్టింది. నాయన కోసం గేటు దగ్గర వెతికితే కనబడలేదు. పక్క ఖాళీ కోర్టులో ఉన్నాడు. దడ తట్టుకోలేక చీపురు సంపాదించి ఊడుస్తున్నాడు. కాలేజీ వాళ్ళు తమ మనిషే అనుకుని, ఇంకో కోర్టు కూడా చూపించారట.

"గెలిచినామా?" అన్నాడు, చీపురు వదలకుండానే.

"గెలిచినాం నాయనా!"

"అట్లయితే ఈ మూల ఒకటి ఊడ్చేసి వస్తా" అన్నాడు.

మర్నాడు రెండో రౌండులో చెల్లెలు గట్టి ప్లేయరు చేతిలో చిత్తుగా ఓడింది. దీన్ని రెండు వాక్యాల కంటే పెంచొద్దని చెల్లెలి ఆజ్ఞ.

పాయింటు లెక్కలోకి రావడానికి కొన్నాళ్ళు పట్టింది, అయినా పాతదానికి ఏడాది నిండకముందే వచ్చింది. ఈలోపు జాతర అయింది, కాప్పు విప్పారు. ఆ సోమవారం పొద్దున ఫోన్‌లో కొత్త ర్యాంకింగ్ తెరిచి, వేలితో పైకి తోస్తూ తోస్తూ పోయాను. దేశాలన్నీ దాటాయి. ఎక్కడో చాలా కింద మా చెల్లెలి పేరు, దాని పక్కన ఒక నంబరు. నేను పెట్టిన కేకకి వీధంతా వచ్చింది. నా డిగ్రీ రోజున కూడా ఇంతమంది రాలేదు, నాకేం బాధ లేదు.

"ఎన్నో ర్యాంకు?" అంది పక్కింటి పెద్దమ్మ. చెప్పాను.

"వెయ్యికి పైనా? అయ్యయ్యో! క్లాసులో ముప్పయ్యో ర్యాంకు వచ్చిందనే మావోడితో వాళ్ళ నాయన రెండు దినాలు మాట్లాడలేదే!"

అవ్వ చేట పక్కన పెట్టి లేచింది.

"భూమ్మీద ఆడపిల్లలందరినీ వరసలో నిలబెట్టి, మనపిల్ల చోటు ఇదీ అని చెప్పినారు. నిన్ను నిలబెడితే యాడుంటావు నువ్వు? చెప్పు!"

పెద్దమ్మ నిజంగానే ఆలోచనలో పడింది. కాసేపటికి చెల్లెలి గడ్డం పట్టుకుని, "అయితే పనే చేస్తాండావు బిడ్డా" అంది.

మేమంతా ఆ నంబరు చూసి మురిసిపోతుంటే చెల్లెలు నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. తన పేరు వైపు ఒక్క క్షణం చూసి, వేలిని ఒక్క వరస పైకి జరిపింది.

"అక్కా, నా పైన ఉండే ఈ పిల్ల ఎవురు?"

"నాకేం తెలుసే!"

"వచ్చే వారం యాడ ఆడతాదో చూడు."