ఆటలో నా గది

దెయ్యాల కథలు చాలా చదివాను. చదివి, లైటు ఆర్పేసి హాయిగా నిద్రపోయేదాన్ని. దెయ్యాలున్నాయని ఇప్పటికీ నమ్మను. కానీ కిందటేడు వానాకాలంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో జరిగినదాన్ని ఆ రోజే డైరీలో ఉన్నదున్నట్టు రాసి పెట్టుకున్నాను. అది చూసే ఇది రాస్తున్నాను.

ఫిల్మ్ నగర్‌లో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. అమ్మా నేనూ ఉంటాం. అన్నయ్య శేఖర్ సినిమాలకు సెట్లు వేసే ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్. అప్పటికి ఏడాదిన్నర ముందు డెంగ్యూ వచ్చి పోయాడు.

నెల రోజులు కష్టపడి వేసిన సెట్టును షూటింగ్ అయిపోగానే విప్పేస్తారు. అందుకేనేమో, ఇంటికొచ్చాక టీవీ ముందు కూర్చుని వీడియో గేమ్‌లో ఇల్లు కట్టేవాడు. ఇటుక మీద ఇటుక పేర్చి ఏమైనా కట్టుకోగల ఆట అది. అమ్మకు పెద్ద వంటిల్లు కట్టాడు. హాలు పక్కన నా గదికి జాగా వదిలాడు.

"ఏం గావాల్నో చెప్పవే, కడ్త" అని ఎన్నిసార్లు అడిగాడో. నాకు ఏది అడగాలన్నా మొహమాటం. "నీ ఇష్టం" అని ఊరుకునేదాన్ని. ఆ జాగా ఖాళీగానే ఉండిపోయింది.

వాడు పోయిన నెల రోజులకు డైరీలో రాసుకున్నాను, ఏం అడిగి ఉండేదాన్నో. కాళ్ళు చాపుకుని చదువుకునేంత వెడల్పు కిటికీ గట్టు, దాని కింద పుస్తకాల అర, పచ్చ తలుపు. ఆ పేజీ అమ్మ కూడా చూడలేదు. డైరీ బీరువాలో ఉంటుంది, తాళం చెవి నా దగ్గరే.

మా ఇంట్లో నెట్ ఉండేది కాదు. అన్నయ్య అప్పుడప్పుడు గేమ్ మెషీన్‌ను జూబ్లీ హిల్స్‌లోని వాళ్ళ ఆఫీసుకు పట్టుకెళ్ళి అక్కడ నెట్‌కు కనెక్ట్ చేసి, కట్టింది కంపెనీ సర్వర్‌లో కూడా దాచేవాడు. వాడు పోయాక నేను దాని మీద దుమ్ము తుడవడమే తప్ప ఒక్కసారీ ఆన్ చెయ్యలేదు.

ఇంటి నుంచి చేసే ఉద్యోగం దొరికి, నెట్ పెట్టించుకున్నాను. కనెక్షన్ ఇవ్వడానికి యాదగిరి గారని యాభై ఏళ్ళాయన వచ్చారు. టీవీ కింద మెషీన్ చూసి, "ఇగో, గేమ్ ఆడేటోళ్ళున్నరా ఇంట్ల? ఇగ నెట్ స్లో అని రోజు నా పానం దీస్తరు" అని నవ్వుతూ, నేను వద్దనేలోపే వైరు దానికి గుచ్చి ఆన్ చేశారు.

తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ ఆట మెషీన్‌లో ఒకటి, సర్వర్‌లో ఒకటి ఉంది. రెండూ వేరు. ఏది ఉంచాలి? రెండోది చెరిగిపోతుంది.

మెషీన్‌లో ఉన్నదాని తేదీ, అన్నయ్యను ఆసుపత్రిలో చేర్చడానికి రెండు రోజుల ముందుది. సర్వర్‌లో ఉన్నదాని తేదీ, ఆ ఆదివారానికి సరిగ్గా మూడు వారాల ముందుది.

మెషీన్‌లో ఉన్నది ఖాయంగా వాడి చేతులతో కట్టింది. అది చెరిగిపోతే వాడు కట్టింది ఇంకేదీ ఈ లోకంలో మిగలదు.

"తీగ పీకెయ్యాల్నా చెల్లె?" అన్నారు యాదగిరి గారు భయంగా.

అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. విషయం చెప్పాను. తెర దగ్గరికి వెళ్ళి రెండు తేదీలూ చూసింది.

"పాత సెట్ విప్పకుంటే అదే స్టూడియో ఫ్లోర్ల కొత్త సెట్ ఎట్లేస్తరే? కొత్తదే ఉంచు" అంది.

సర్వర్‌లో ఉన్నదాన్నే ఎంచి నొక్కాను. కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి హాలు కనిపించింది. అమ్మ వంటిల్లు ఎక్కడిదక్కడే ఉంది. దాని పక్కన, ఖాళీ జాగాలో, పచ్చ తలుపు.

లోపల వెడల్పు కిటికీ గట్టు. కింద అర, అర నిండా పుస్తకాలు. గదికి మూడే గోడలు.

"అరె, ఒక గోడ మర్చిపోయిండ్రు" అన్నారు యాదగిరి గారు.

"మర్చిపోలే" అంది అమ్మ. "కెమెరా సూసేతందుకు ఆ దిక్కు ఇడిసిపెట్టిండు. వాడు ఏది కట్టినా గంతే."

నాకు భయం వెయ్యలేదు. గుడి గర్భాలయం ముందు నిలబడితే ఉంటుందే, అలా ఒళ్ళంతా నిశ్శబ్దమైపోయింది.

"బాగుందో లేదో చెప్పవే వానికి" అంది అమ్మ.

కొత్తవాళ్ళ ముందు నోరు తెరవని దాన్ని, పైకే అన్నాను. "మస్తుందన్నా."

తర్వాత అన్నయ్య ఆఫీసులో వాకబు చేశాను. అన్నయ్య పాస్‌వర్డ్ అక్కడ ఎవరికీ తెలియదు. వాళ్ళ దగ్గర అలాంటి మెషీనే లేదు. మా చిన్నాన్న కొడుకు ఇంజనీరు, వాడేమో అకౌంట్ ఎవరో దొంగిలించి ఉంటారన్నాడు. కావచ్చు. మరి ఆ దొంగ బీరువాలోని నా డైరీ ఎలా చదివాడు?

లైను చూడ్డానికి యాదగిరి గారు ఇప్పటికీ వస్తుంటారు. మొదటిసారి చెప్పులతోనే లోపలికి వచ్చిన మనిషి, ఇప్పుడు గడప బయటే విడిచి వస్తారు. టీవీ వైపు ఒక్కసారి చూసి పని చేసుకుని వెళ్ళిపోతారు.