నేల ఆరేదాకా

ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్లు సైటులో ఎవరూ లేరు. ఎదురుగా ఉంటే మేడమ్, వెనకాల ఆగమ్మ. పెద్ద పెద్ద భవనాలు కట్టేచోట ఏ పని తర్వాత ఏ పని జరగాలో ముందే పట్టిక వేసి పెట్టడం ఆవిడ ఉద్యోగం. గోడ పూత అయిపోయింది కదా, రంగులవాళ్లని పిలవనా అని ఎవరైనా అడిగితే చాలు, తలెత్తకుండానే "ఆగు నాయనా" అనేది. ఆ మాట ఆవిడ నోట్లో ఎంతగా నానిందంటే, చివరికి అదే పేరై కూర్చుంది. ఈ సంగతి ఆవిడకీ తెలుసు. పైకి విననట్టు ఉండేది గానీ లోపల కాస్త గర్వమే.

గర్వపడడానికి కారణమూ ఉంది. గోడ తడారాలి, స్లాబు గట్టిపడాలి. మిగతావాళ్లు పట్టికలో ఆ రోజుల్ని ఖాళీగా వదిలేస్తారు. ఖాళీ కనిపిస్తే ఊరుకునే మనిషెవరు? ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని దిగిపోతారు. అందుకని ఈవిడ ఆ రోజుల్ని కూడా ఒక పనిగా రాసి, పసుపురంగు పూసి, దానికి కాపలా ఎవరో కూడా తేల్చేది. "ఆరడం కూడా పనేనయ్యా. అది మనం చెయ్యం, అదే చేసుకుంటుంది. మనం అడ్డం పడకుండా ఉంటే చాలు" అని కొత్తగా చేరినవాళ్లకి చెప్పేది.

అలాంటి మనిషికి సొంత ఇంట్లోనే పని వచ్చిపడింది. ఆవిడ భర్త బస్సు డ్రైవరు. జాకీ జారి కాలు నలిగితే, మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. వాళ్లు ఉండేది పై అంతస్తులో. మెట్లా, నిటారుగా ఉంటాయి. కింద పాత సామాన్లు పడేసుకునే గది ఒకటుంది. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చేలోగా దాన్ని పడగ్గదిగా మార్చి, పక్కనే గడప లేని స్నానాలగది కట్టించి తీరాలని ఆవిడ కంకణం కట్టుకుంది.

తలుపు వెడల్పు చేయించింది. గోడకి పట్టుకడ్డీలు ఎక్కడ బిగించాలో ఎవరి మాటా నమ్మలేదు. ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని, చెయ్యి ఎక్కడ పడితే అక్కడ గుర్తు పెట్టింది. రెండుసార్లు తూలి పడబోయింది కూడా. టైల్సు వేసే మేస్త్రీ నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అంతా సాఫీగా సాగుతుండగా, అనుకున్నదానికన్నా ముందే ఇంటికి వెళ్లొచ్చని డాక్టరు అనేశాడు. అప్పటికి స్నానాలగది నేలకి నీరు దిగకుండా పూత మాత్రమే వేశారు. అది ఆరాలి. దానిమీద నీళ్లు నిలబెట్టి ఎక్కడా ఇంకడం లేదని చూసుకోవాలి. ఆ తర్వాతే టైల్సు. తొందరపడితే నాలుగునాళ్లకే అవి లేచిపోతాయి. చంకకర్రతో నడిచే మనిషి అక్కడ జారితే ఇంకేమైనా ఉందా? ఆయన ఉత్సాహంగా ఫోను చేసి కబురు చెప్పగానే ఈవిడకి నేల ఒక్కటే కళ్లముందు మెదిలింది.

"ఇప్పుడే వద్దండీ, ఆగండి. నేల ఇంకా ఆరలేదు."

"సరేలే" అని ఫోను పెట్టేశాడాయన.

మర్నాడు తోడికోడలు ఫోను చేసింది. "మీ బావగారు వెళ్లి మా మరిదిని ఇక్కడికి తీసుకొచ్చారు. ఇక ఇక్కడే ఉండిపోతానంటున్నాడు. 'తనకి నేను ఇంకో పనైపోయాను వదినా' అని నీ గురించి అంటున్నాడు. మీ మధ్య మాటా మాటా ఏమైనా వచ్చిందా అమ్మాయ్?"

మాటా మాటా ఎక్కడొచ్చింది, తను అన్నది ఒక్క మాటేగా. ఆయన నిజంగానే ఇక ఇంటికి రాకపోతే ఈ గది ఎవరికోసం?

వెంటనే మేస్త్రీని పిలిచి, టైల్సు ఈ రోజే మొదలుపెట్టెయ్యమంది. అతను తాపీ పట్టుకుని ఆవిడని ఎగాదిగా చూశాడు. "నిజంగానే అంటున్నారా మేడమ్?" ఆవిడ వంగి నేల మీద అరచెయ్యి ఆనించింది. జిగటగా అంటుకుంది. "వద్దులే" అని సిమెంటు బస్తా మీద కూలబడి ఏడ్చేసింది. పాపం మేస్త్రీకి ఏం చెయ్యాలో తోచక, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చాడు.

ఏడ్చి ఏడ్చి తేరుకున్నాక, తలుపుకి అంటించిన ఇంటి పనుల పట్టిక వైపు చూసింది. అన్నిటికన్నా కింద "ఆయన రావడం" అని ఉంది. అవి ఆరితేగాని ఇది జరగదన్నట్టు, దాన్ని తెచ్చి టైల్సు ఆరడానికి ముడేసి ఉంది. ఎవరు వేశారు ఆ ముడి? తనే. నేల ఆరేదాకా ఆగాల్సింది ఆయన స్నానం గానీ ఆయన కాదు. పడగ్గది సిద్ధంగా ఉంది. మంచం వేసి దుప్పటి కూడా పరిచింది. తమ స్నానాలగది వాడుకోమని పక్కింటి దర్జీ ఆవిడ మొదట్లోనే చెబితే, మొహమాటపడి తనే వద్దంది. ఎన్ని భవనాల్లో ఎన్ని అక్కర్లేని ముడులు విప్పిందో లెక్కలేదు, సొంత ఇంట్లోది మాత్రం కంటికి ఆనలేదు.

ఉన్నపళాన బావగారింటికి వెళ్లింది. ఆయన కిటికీ పక్కన కూర్చుని రోడ్డు మీద పోయే బస్సుల్ని చూస్తున్నాడు.

"తప్పు నాదేనండీ. నేల ఆరాలి, నిజమే. దానికోసం మిమ్మల్ని ఎందుకు ఆపాలి? బయల్దేరండి."

ఆయన చూపు తిప్పలేదు. "ఆగడం నాకేం కొత్త కాదు. బండి నడిపినంత కాలమూ సిగ్నళ్ల దగ్గర ఆగుతూనే ఉన్నాను. ఆగమన్నావు, ఆగుతాను. కానీ నాకోసం ఎదురుచూస్తున్నానని ఒక్కసారైనా అన్నావా? కాలు పోయినవాడికి ఆ మాట వినాలనిపిస్తుంది."

ఎదురుచూడక ఆవిడ ఏం చేసింది ఇన్నాళ్లూ? వెడల్పు చేసిన తలుపూ, గోడ మీది గుర్తులూ అన్నీ ఎదురుచూపులే. అది ఆయనకి నోటితో చెప్పాలని మాత్రం తోచలేదు. ఇప్పుడు చెప్పింది. కాళ్ల దగ్గర నేల మీదే కూర్చుని, చెప్పిందే చెప్పింది. మంచినీళ్లు పట్టుకొస్తున్న తోడికోడలు గుమ్మంలోంచే వెనక్కి తగ్గింది.

సాయంత్రం ఇద్దరూ కలిసే ఇంటికి వచ్చారు. ఆయన చంకకర్ర మీద ఆనుకుని, ఇంకా టైల్సు పడని స్నానాలగదిలోకి తొంగిచూశాడు.

"ఎప్పటికి ఆరుతుంది?"

"దాని ఇష్టం" అందావిడ.

మర్నాడు పొద్దున్నే సైటు నుంచి ఫోను. రంగులవాళ్లు వచ్చి కూర్చున్నారట, మేడమ్ ఎప్పుడొస్తారని అడుగుతున్నారట.

"ఇవాళ రాను."

"ఇంట్లో ఏదైనా పనుందా మేడమ్?"

ఆవిడ గదిలోకి చూసింది. ఆయన నోరు తెరుచుకుని, ఆదమరిచి నిద్రపోతున్నాడు.

"పనేం లేదు" అంది మెల్లగా. "మావారు ఇంటికొచ్చారు."