గ్లాసు మీద నాలుగు మాటలు

మొన్న ప్రజ్ఞాపూర్‌లో దినాల భోజనానికి వెళ్తే, పోయినాయన గుర్తుగా చేతిలో ఒక స్టీలు డబ్బా పెట్టారు. మూత మీద రంగుల ఫోటో, దాని కింద దాత, ధర్మాత్ముడు, మృదుభాషి అంటూ పన్నెండు వరుసలు. ఆయన నాకు బాగా తెలిసిన మనిషే కనుక, పొరపాటున ఇంకెవరి డబ్బానో ఇచ్చారేమోనని పక్కాయన డబ్బా కూడా తిప్పి చూశాను.

ఎనభైల చివర్లో సిద్దిపేటలో ఒక స్టీలు సామాన్ల దుకాణంలో గిన్నెల మీద పేర్లు కొట్టడం నా పని. దినాలకు పంచే గ్లాసుల మీద పోయినవారి పేరు, ఊరు, మహా అయితే ఎవరి భార్యో ఎవరి తల్లో అన్న ముక్క; మనిషి ఎంతకాలం బతికినా నా ఉలి కింద రెండు వరుసలకు మించేది కాదు. అప్పట్లో నా వెటకారానికి జడిసి బంధువులు నా ముందు ఏడవడానికి కూడా వెనకాడేవారు.

ఒక మధ్యాహ్నం మా మేనత్త మద్దూరు నుంచి వచ్చి, ఎవరైనా వెంటపడ్డారేమోనని వీధి రెండువైపులా చూసుకుని, దుకాణంలోకి దూరి ఇరవై గ్లాసులు ఏరుకుంది. ఎవరు పోయారని అడిగితే, ఇంకా ఎవరూ పోలేదు, ఇవి నా దినాలకే అంది. ఆమెది రెండో సంబంధం; మొదటి భార్య కొడుకులిద్దరినీ బీడీలు చుట్టి పెంచింది. వాళ్ళు పెళ్ళిళ్ళయి పిల్లల్ని కన్నా ఆమెను చిన్నమ్మ అనే పిలిచేవారు. తను పోయాక గ్లాసుల మీద కూడా ఆ మాటే కొట్టిస్తారని ఆమె అనుమానం.

చిన్నవాడికి తట్టు పోస్తే ఎత్తుకుని దవాఖానకు నడిచింది మొదలు అన్నీ రాయమంది.

"అత్తా, గిది గ్లాసు, గోడ గాదు," అన్నాను.

బీడీ ఆకు కత్తిరించినట్టు ఒక్కొక్కటీ కత్తిరించుకుంటూ వచ్చి, చివరికి నాలుగు మాటలే ఉంచింది: కనలే. సాకిన. ఇద్దరికి అవ్వను.

మా వైపు అవ్వంటే అమ్మే. నేను ఉలి అందుకున్నాను.

ఆమెకు చదువు రాదు, నా మీద నమ్మకం అసలే లేదు. మొదటి గ్లాసు పూర్తికాగానే ఎదుటి గాజుల భాయి దగ్గరికి పట్టుకుపోయింది. నా దోస్తు కనుక అతను మొహం గంభీరంగా పెట్టి చదివాడు:

"అరె అవ్వా, ఈమె గ్లాసులు దొంగతనం జేసింది, పట్టుకోండ్రి అని రాసిండు!"

"నీ చేతులిరుగ, అల్లుడా! సచ్చినంక గూడ నా ఇజ్జత్ తీస్తవా?"

గ్లాసు నా మీదికి విసరబోతుంటే భాయి తన చెవులు తానే పట్టుకుని, ఉన్నదున్నట్టు చదివాడు. అయినా టైలరుతో ఒకసారి, సోడా బండాయనతో ఒకసారి చదివించి, ముగ్గురి మాటా ఒకటే అయ్యాకే మిగతా గ్లాసులు కొట్టనిచ్చింది. అన్నీ గోనెసంచిలో కట్టుకుని, కొడుకులకు చెప్పవద్దని నాతో ఒట్టు వేయించుకుని బస్సెక్కింది.

కొన్నేళ్ళకు ఆమె పోయింది. పెట్టెలో గ్లాసులు చూసిన పెద్ద బావ, దినాల నాడు నన్ను పక్కకు పిలిచాడు.

"చిన్నమ్మ అనుడు చిన్నప్పటి అలవాటురా. మా మీద గింత అనుమానమా?"

"నన్నేమన్న నమ్మిందనుకున్నవా బావా? గీ నాలుగు మాటలు ముగ్గురితోటి చదివిపిచ్చింది."

బావ నవ్వాడు. నవ్వుతూనే ఆ చివరి మాట మీద బొటనవేలు పెట్టి, "అవ్వా" అని ఒకసారి మెల్లగా అని చూసుకున్నాడు.

ఇప్పుడు మిషన్లు వచ్చాయి, ఎంత చెబితే అంతా రాసిపెడతాయి. అక్షరం అక్షరం నిలదీసి చదివించుకునే మనుషులే కనిపించరు. ప్రతిదానికీ ఒక మాట తగిలించే నోరు నాది. ఆ గ్లాసుల్ని పెట్టెలో దాచకు అత్తా, ఈ పూటే బావలకు అందులో చాయ పోసి ఇయ్యి అన్న మాట మాత్రం, ఆ రోజు ఆమె బస్సు కదిలేదాకా నాకు తట్టలేదు.