గీతలు గీసినందుకు ఆరు వేలు

మా ఆయన చక్రాల కుర్చీ వెడల్పు ఇరవై ఏడు అంగుళాలు. మేము కొన్న ఫ్లాటులో బాత్రూం తలుపు వెడల్పు ఇరవై నాలుగు. ఈ సంగతి నాకు తెలిసేసరికి రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆయన హైదరాబాదు దవాఖాన నుంచి ఇంటికి రావడానికి నెల రోజులే మిగిలాయి.

తొంభైల నడిమి కాలం అది. గోదావరిఖనిలో బొగ్గుబాయిలో ఆయన పని, పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. పద్దెనిమిదేళ్లు పక్కవాళ్ల నెత్తిన బండ పడకుండా కాచాడు. ఒక రెండో షిఫ్టులో ఆ బండ ఆయన మీదే పడింది. ప్రాణం దక్కింది. నడుము కిందిభాగం మాత్రం చచ్చుబడిపోయింది.

మా క్వార్టరు మొదటి అంతస్తులో ఉండేది. ఆ మెట్లు ఆయన ఇక ఎక్కలేడు. నష్టపరిహారంగా వచ్చినదంతా పెట్టి, ఊళ్లో కొత్తగా లేచిన మూడంతస్తుల అపార్ట్‌మెంటులో కింది ఫ్లాటు కొన్నాను. మాకు పిల్లలు లేరు. మా అత్తమ్మ, నేను, ఆయన, ముగ్గురమే. నేను ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. కింది ఫ్లాటు కదా, కుర్చీ నేరుగా లోపలికి వచ్చేస్తుందనుకున్నాను. వాకిట్లో మూడు మెట్లు ఉన్నాయి. వాటిని ఎక్కి దిగుతూనే ఫ్లాటు చూశాను, బయానా ఇచ్చాను. అవి మెట్లని నాకు తట్టలేదు.

ఒక ఆదివారం దవాఖానలో ఆయన కుర్చీ వార్డు తలుపు దాటుతుంటే చూసి అనుమానం వచ్చింది. మర్నాడు జాకెట్లు కొలిచే టేపు పట్టుకుని ఇల్లంతా తిరిగాను. బాత్రూం దగ్గర కింద కూర్చుండిపోయాను.

మా బడిలో తోటి టీచరు ఒకామె చెప్పింది, మెయిన్ రోడ్డులో ఫర్నిచర్ షాపు వాళ్ల అమ్మాయి హైదరాబాదులో చదువుకుని వచ్చి ఇంటీరియర్ డిజైనర్ అని బోర్డు పెట్టిందని. ఆ మాట మా ఊరికి కొత్త. ఆఫీసర్ల బంగళాల్లో సోఫాలు, పరదాలు సర్దేవాళ్లని అనుకునేవాళ్లం. అయినా వెళ్లాను. తండ్రి వడ్రంగులతో ఉర్దూలో గట్టిగా మాట్లాడుతున్నాడు. మూలన బల్ల ముందు ఆ అమ్మాయి, ఇరవై అయిదేళ్లుంటాయేమో, నేను చెప్పినదంతా రాసుకుంది.

"కొలతలకు, నక్ష గీసుడుకు, పని అయ్యేదాంక రోజూ వచ్చి చూసుకునుడుకు, అన్నీ కలిపి ఆరు వేలు అక్కా. సామాను, కూలీ వేరే," అంది.

"ఆరు వేలా? గీతలు గీసుడుకా?"

"ముందుగాల హైద్రాబాద్ పోయి అన్నతోని మాట్లాడాలె. కుర్చీల కూసుండేది ఆయన కద. నా రానుపోను చార్జీలు గూడ అండ్లనే."

"ఆయనతోని ఏం మాట్లాడుతవ్? తలుపు పెద్దగ చేస్తే అయిపాయె. మేస్త్రీ అయితే నక్షకు పైస గూడ తీసుకోడు."

ఆమెకు కోపం రాలేదు. "నక్షకు తీసుకోనోళ్లు వేరే కాడ తీసుకుంటరక్కా. టైల్స్ షాపుల, నల్లాల షాపుల. నేను షాపోళ్ల దగ్గర కమీషన్ పైస ముట్ట. గందుకే మీ దగ్గర అడుగుతున్న."

ధర తగ్గించకుండా ఉండడానికి చెప్పే మాటలనుకున్నాను. నా జీతం నెలకు ఎనిమిది వందలు. ఒక అమ్మాయి కాగితం మీద గీతలు గీసినందుకు నా ఏడున్నర నెలల జీతం. నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. లేచి వచ్చేశాను.

మేస్త్రీ తెలిసినవాడే. "నక్ష ఎందుకు చెల్లె, అంత నా కండ్లల్ల ఉంటది," అన్నాడు. మూడు వారాల్లో బాత్రూం తలుపు వెడల్పు చేశాడు. కమోడు పెట్టాడు. టైల్స్ ఫలానా షాపులోనే కొనాలని వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు. వాకిట్లో మెట్ల మీద సిమెంటుతో ఏటవాలు దారి పోశాడు. ఖర్చు చెప్పినదానికి రెట్టింపయింది. అయినా తలుపు వెడల్పయింది కదా అని నేను సంతోషించాను.

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఆయన ఇంటికి వచ్చాడు. నలుగురు మోసి లోపల దించారు. మూడో రోజు పొద్దున్నే కాసేపు బయట కూర్చుంటానన్నాడు. బయటికి దింపడం ఎలాగో దింపాను. తిరిగి ఎక్కించేటప్పుడు తెలిసింది ఆ దారి ఎంత నిటారుగా ఉందో. సగం దాకా తోశాను. నా చెప్పు జారింది. కుర్చీ వెనక్కి తిరగబడింది. ఆయన వెల్లకిలా పడ్డాడు, కాళ్లు కుర్చీలోనే ఉండిపోయాయి. పై అంతస్తుల వాళ్లు పరుగున వచ్చి ఎత్తారు. లోపలికి వచ్చాక ఆయన అడిగింది ఒక్కటే. "అందరు చూసిన్రా?"

మళ్లీ వాకిట్లోకి రాలేదు.

బాత్రూం సంగతి ఇంకా ఘోరం. తలుపులోంచి కుర్చీ దూరుతుంది. దూరాక ఎదురుగా కమోడుకు తగిలి ఆగిపోతుంది. కుర్చీలోంచి కమోడు మీదికి జరగాలంటే పక్కన జాగా ఉండాలి. అది లేదు. కుర్చీ వెనక చక్రాలు హాల్లోనే ఉండిపోతాయి కాబట్టి తలుపు మూసుకోదు. నేనొక పక్క, అత్తమ్మ ఒక పక్క, చంకల కింద చేతులు వేసి ఎత్తేవాళ్లం. నలభై రెండేళ్ల మనిషి. గనిలో రెండు దుంగలు ఒక్క భుజాన మోసినవాడు. కన్నతల్లి ముందు అలా, తలుపు బార్లా తీసి. ఆయన కళ్లు మూసుకునేవాడు. నేనూ మూసుకునేదాన్ని.

వారం తర్వాత, "నన్ను అటు తీస్కపోకున్రి. మంచం మీదనే కానియ్యున్రి," అన్నాడు. హాల్లో కిటికీ పక్కన మంచం వేశాం.

ఆ కిటికీ బయట నేల ఎప్పుడూ తడిగా ఉండేది. అంత ఎండలో అక్కడొక్కచోట పచ్చగడ్డి మొలిచింది. పైప్ ఎక్కడో కారుతోందనుకున్నాను. ఒకరోజు బడి నుంచి తొందరగా వచ్చి, గేటు దగ్గరి నుంచే చూశాను. కిటికీ ఊచల్లోంచి ఆయన చేయి బయటికి వచ్చింది. చెంబెడు నీళ్లు ఒంపి లోపలికి వెళ్లిపోయింది.

నేను నిండా నింపిపెట్టే నీళ్లన్నీ ఎన్ని రోజులుగా అలా పారబోస్తున్నాడో. అడిగితే చెంబును మంచం కిందికి తోసేశాడు. రెండు రోజుల్లో చలిజ్వరం పట్టుకుంది. మంచం కదిలిపోయేలా వణికాడు. దవాఖానకు తీసుకెళ్లాం. కిడ్నీలకు చీము పట్టిందని, ఒకటి దాదాపు పోయిందని డాక్టరు చెప్పాడు.

"నీళ్లు తాగాలని హైద్రాబాద్‌ల చెప్పలేదా? ఎందుకు తాగుత లేవు?"

"తాగితే పొయ్యాలె కద సార్," అన్నాడు ఆయన గోడవైపు చూస్తూ. "మంచం మీదనైనా నేను పోవాల్నంటే ఇద్దరు ఆడోళ్లు ఎత్తాలె. నాతోని కాదు."

ఆ దవాఖాన వరండాలో కూర్చుని, ఆయన చచ్చిపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. ఆయన బాధ చూడలేకనా, నా బాధ పడలేకనా అంటే ఇవాళ్టికీ చెప్పలేను. ఉన్న డబ్బంతా గోడల్లో పోశాను. ఆ గోడలే ఆయన్ని చంపుతున్నాయి. ఎవరి దగ్గరికి పోయి ఏమని అడగాలి?

సాయంత్రం కాళ్లు మెయిన్ రోడ్డువైపు తీసుకెళ్లాయి. ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. "అన్న ఎట్లున్నడు అక్కా?" అంది. అంతే, షాపులో అందరి ముందూ ఏడ్చేశాను. తండ్రి కుర్చీ వేసి, వడ్రంగులను బయటికి పంపాడు.

అంతా చెప్పాక, "ఫీజు సగం చేసుకో చెల్లె. నీ కాళ్లు మొక్కుత," అన్నాను.

ఆమె బల్ల మీది కాగితం దగ్గరికి లాక్కుంది. "మీరు కష్టంల ఉన్నరని తక్కువ తీసుకుంటే, నేను తీరిక దొరికినప్పుడే వస్తక్కా. నా సంగతి నాకు ఎర్కే. నిండ తీసుకుంటే రోజూ వచ్చి నిలబడాలె. మూడు కిస్తులల్ల ఇయ్యున్రి. మేస్త్రీ చేసిందంత మాత్రం పగులగొట్టాలె."

రాయిలాంటి పిల్ల అనుకుంటూ దవాఖానకు వెళ్లాను. ఇలాంటి అమ్మాయి ఒకామె ఉందని, ఆరు వేలు అడుగుతోందని మాత్రం ఆయనకు చెప్పాను. ఇంటి వెనక గోనెసంచులు కప్పి పెట్టిన మోటార్ సైకిల్ ఉండేది. ఎప్పటికైనా నడుపుతాననే ఆశతో ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. "బండి అమ్మెయ్," అని అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడే ఆమె దవాఖానకు వచ్చింది. మంచం పక్కన స్టూలు వేసుకుని అడగడం మొదలుపెట్టింది. మంచం మీంచి కుర్చీలోకి దిగేటప్పుడు ఏ చేతి మీద బరువేస్తావు? పట్టుకోవడానికి కమ్మీ ఉంటే ఎంత ఎత్తులో ఉండాలి? సబ్బు ఎక్కడ ఉంటే అందుతుంది? ఆయన మొదట ముక్తసరిగా చెప్పాడు. కాసేపటికి ఆమె పెన్సిలు లాక్కుని తనే గీస్తున్నాడు. అయిదు నెలలుగా ఆయన ఇన్ని మాటలు మాట్లాడడం నేను వినలేదు. ఆయనకేం కావాలో డాక్టర్లు చెప్పారు, మేస్త్రీ చెప్పాడు, నేను చెప్పాను. ఆయన్ని అడిగినవాళ్లు లేరు.

ఆ మర్నాడు మా ఇంటికి వచ్చి, ఆమె ఆయన ఖాళీ చక్రాల కుర్చీలో కూర్చుని, చున్నీతో తన రెండు కాళ్లూ కలిపి కట్టేసుకుంది. మరిచిపోయి కాలు కింద పెడతానేమోనని అంది. అలా పొద్దున నుంచి సాయంత్రం దాకా ఇల్లంతా తిరిగింది.

గడపలు తీసేయాలన్నప్పుడు అత్తమ్మ అడ్డం కూర్చుంది. "గడప లేకుంటే అది ఇల్లెట్లయితది? పసుపు ఏడ రాయాలె? లక్ష్మి ఏడికెల్లి వస్తది?"

ఆ అమ్మాయి వాదించలేదు. వంటింటి గడప దగ్గర కుర్చీతో మూడుసార్లు ప్రయత్నించింది. నాలుగోసారి ముందుకు పడబోయి గోడను పట్టుకుంది. మోచేయి గీసుకుపోయి రక్తం వచ్చింది. కాళ్లు మాత్రం విప్పుకోలేదు. అత్తమ్మ కొంగుతో ఆ రక్తం తుడిచింది. "మంచిగున్న కాళ్లు కట్టేసుకుంటివి గద బిడ్డా," అని కాసేపు గొణిగి, "తీసెయ్ పో. పసుపు నేల మీదనే గీస్త," అంది.

పన్నెండు రోజులకు ఆయన ఇంటికి వచ్చాడు. అప్పటికి పాత టైల్స్ పగలగొడుతున్నారు. బాత్రూంకు వంటింటి కొట్టుకూ నడుమ గోడ తీస్తే జాగా వస్తుందని ఆమె అంది. బిల్డింగు పడిపోతుందేమోనని పనివాళ్లు జంకారు. ఆయన ఇనుప కడ్డీ అడిగి తీసుకుని, కుర్చీలోంచే గోడను పైనుంచి కింద దాకా కొడుతూ చెవి పెట్టి విన్నాడు. గనిలో పైకప్పును అలాగే విని చూస్తారు.

"దీని మీద బరువు లేదు. కొట్టున్రి," అన్నాడు.

ఆమె కూడా బిల్డర్ దగ్గర నక్ష చూసి వచ్చి అదే మాట చెప్పింది. ఆ తర్వాత పనివాళ్లు ఆయన్ని అడగకుండా ఇటుక ముట్టలేదు. వాకిట్లో పాత సిమెంటు దారి తీసేసి, గోడ వెంబడి పద్దెనిమిది అడుగుల పొడవున మెల్లగా ఎక్కే దారి వేశారు. ఆమె రోజూ వచ్చింది. ఒకరోజు కమ్మీ రెండంగుళాలు ఎత్తుగా బిగించారని ఊడదీయించింది. నేనైతే పోనీలే అనేదాన్ని.

పని పూర్తయిన రోజు ఆయన ఒక్కడే లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది. నేనూ అత్తమ్మా బయట నిలబడ్డాం. నీళ్ల చప్పుడు వినిపించింది, ఆగింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. అత్తమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. పిలవాలనిపించింది. పిలవలేదు. గంట దాటాక తలుపు తెరుచుకుంది. తల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అత్తమ్మను నీళ్లడిగి, చెంబెడూ తాగాడు.

చివరి కిస్తు తీసుకోవడానికి ఆ అమ్మాయి వచ్చినప్పుడు ఆయన సంతోషంగా ఉన్నాడు. చాయ్ తాగుతూ నాతో అన్నాడు. "ఈ పిల్ల మనకు ముందుగాల్నే ఎందుకు దొరకలే? దొరికితే ఈ కిడ్నీ గోస ఉండకపోవు."

నేను ఆ అమ్మాయి కప్పు తీసి పళ్లెంలో పెట్టాను.

"అప్పుడు నేను హైద్రాబాద్‌ల ఉంటి అన్నా," అంది ఆ అమ్మాయి తలెత్తకుండా. "మీరు ఇంటికొచ్చినంకనే నేను ఊరికొచ్చిన."

డబ్బు సంచిలో పెట్టుకుని, నావైపు చూడకుండా చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. గేటు దాకా కూడా నేను వెంట వెళ్లలేకపోయాను.

పోయిన కిడ్నీ మళ్లీ రాలేదు. రెండోది మెల్లమెల్లగా చెడింది. ఆయన ఇంకో అయిదేళ్లు బతికాడు. చివరి నెల దాకా తన స్నానం తనే చేసుకున్నాడు, ఎవరి చేయీ పట్టలేదు. తాను ఇంటికి రావడానికి నెల ముందే నేను ఆ షాపులో కూర్చుని, ఆరు వేలు ఎక్కువని లేచి వచ్చానన్న సంగతి ఆయనకు చెప్పడానికి ఆ అయిదేళ్లలో ఎన్నో పొద్దులు దొరికాయి. ఒక్కనాడూ చెప్పలేదు.